సిమెంటు బస్తాల కింది పుస్తకాలు

స్వరూప రోజూ సాయంత్రం ఒకసారి తన వేళ్లు వాసన చూసుకుంటుంది. పొద్దంతా చుట్టిన బీడీలు కార్ఖానాలో అప్పజెప్పి వచ్చాక, పంపు దగ్గర చేతులు కడిగి, నిమ్మచెక్కతో రుద్ది, మళ్లీ కడిగి, అప్పుడు ముక్కు దగ్గర పెట్టుకుంటుంది. తంబాకు వాసన పోదు. పోనందుకు ఆమెకు బాధ లేదు. ఆ వాసన ఉన్నన్నాళ్లూ లింగమూర్తి గుర్తుంటాడు.

మెట్‌పల్లి అవతల, పెద్ద బస్సులు ఆగని ఊరు మోదుగుపేట. మగవాళ్లలో సగం మంది గల్ఫ్‌లో ఉంటే, ఆడవాళ్లు ఒడిలో చాట పెట్టుకుని బీడీలు చుడుతుంటారు. స్వరూప భర్త మల్లేష్ మస్కట్‌లో ఉంటాడు. వాడకట్టు ఆడవాళ్లంతా ఒక్క వాకిట్లో కూర్చుని చుట్టేటప్పుడు కథ చెప్పే పని స్వరూపది. గ్రంథాలయం నుంచి తెచ్చిన పుస్తకం రాత్రి చదివి, తెల్లారి చెప్పేది. చేతులు ఆకు మడుస్తుంటే నోరు కథ నడిపేది.

"అటెన్క ఏమైందే? జల్ది చెప్పు. కథ ఆగితె నా చెయ్యి సుత ఆగుతది," అనేది గంగుబాయి. వాళ్లందరిలో పెద్దది, నోటికి అడ్డూ ఆపూ లేనిది.

కొన్నాళ్లకు ఊరి గ్రంథాలయంలో చదవని పుస్తకం లేకుండా పోయింది. కొత్తవి రావా అని అడిగితే, అక్కడ పనిచేసే రాంచందర్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"వచ్చినయమ్మా. కేంద్రం గ్రాంటుకు రాష్ట్రం వాటా కలిపి జిల్లాకిచ్చిన్రు. జిల్లా నుంచి మనకు పుస్తకాలు, కుర్చీలు, ఫ్యాన్ వచ్చినయి. ఆడోళ్లు కూసోని సదువుకునేటందుకు ఎనక గది సుత మంజూరైంది. గానీ తాళం లింగమూర్తి సారు దగ్గరుంది."

లింగమూర్తి ఊరి గ్రంథాలయ కమిటీకి పెద్ద. పక్కనే ఆయన సిమెంటు దుకాణం. గల్ఫ్ డబ్బుతో లేచే ప్రతి ఇంటికీ సిమెంటు ఆయన దగ్గరి నుంచే పోవాలి. ఆ రోజు హమాలీలు బస్తాలు మోస్తుంటే గది తలుపు తెరిచి ఉంది. స్వరూప లోపలికి తొంగి చూసింది. గోడ నుంచి గోడ దాకా సిమెంటు బస్తాలు. నేల చెమ్మ తగలకుండా వాటి కింద వరసగా అట్టపెట్టెలు పరిచారు. ఒక పెట్టె మూల చినిగి, లోపల పుస్తకం వీపు కనబడుతోంది.

ఆమె మోకాళ్ల మీద కూర్చుని దాన్ని మెల్లగా బయటికి లాగింది. కొత్త కాగితం వాసన. మొదటి పేజీ తిప్పిందో లేదో, వెనక నుంచి ఒక చెయ్యి పుస్తకాన్ని గుంజుకుంది. లింగమూర్తి దాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఛీ! తంబాకు కంపు. సర్కారు పుస్తకమే గిది. ముట్టేటందుకు ముందుగాల చేతులు కడుక్కరా, పో!"

హమాలీలు నవ్వారు. దుకాణం ముందు నిలబడ్డ ఊరివాళ్లూ నవ్వారు. స్వరూప ఇంటికి వచ్చి చర్మం మండేదాకా చేతులు తోముకుంది. ఏడవలేదు. పాముకు పాలు పోసినట్టు ఆ రోజు నుంచి పగకు పాలు పోసింది.

తొలకరి దినాల్లో కబురొచ్చింది. పోయినసారి ఇచ్చిన గ్రాంటు ఏమైందో చూడటానికి అధికారి మేడం వస్తున్నారు. పుస్తకాలు చదివేవాళ్లు ఉంటేనే గ్రాంటు తర్వాతి విడత, లేకుంటే గ్రంథాలయం మూసి మండలానికి కలిపేస్తారు. మేడంకు అంతా చెప్పేస్తానంది స్వరూప. రాంచందర్ చేతులు జోడించాడు.

"నువ్వు నోరిప్పితె ఆయన పోడు బిడ్డా. లైబ్రరీ పోతది."

చెబితే పుస్తకాలు పోతాయి. చెప్పకపోతే వాడు గెలుస్తాడు. రెండు రోజులు ఆమె వాకిట్లో కథ చెప్పలేదు.

మూడో రోజు లింగమూర్తే వాకిట్లోకి వచ్చాడు. మొహం నిండా నవ్వు. "అక్కా, చెల్లే, ఒక్క పూట రావాలె. గది ఖాళీ చేపిస్తున్న. పుస్తకాలు పట్టుకోని కూసుంటె చాలు. సదువు రాకున్నా ఫికర్ లేదు, తలకిందులు పట్టకుండ్రి. పొద్దుమూకంగనే ఎవలింటికి వాళ్లు పోవచ్చు."

"మేం పట్టుకుంటె పుస్తకాలు కంపు కొట్టయా సారూ?" అంది గంగుబాయి.

"ఏం మాటలక్కా అవి!" అని నవ్వాడు లింగమూర్తి. ఆయనకు నిజంగానే గుర్తు లేదు. ఆనాడు అన్న మాట కన్నా ఆ మరుపే స్వరూపను ఎక్కువ కాల్చింది. ఆయన వెళ్లిపోయాక ఆమె చాట పక్కన పెట్టి అంది:

"గంగక్కా, మంచి శాలువా ఒకటి కొందాం. సారుకు సన్మానం చెయ్యాలె."

మేడం వచ్చే వేళకు గది మారిపోయింది. బస్తాలన్నీ బయట ట్రాక్టర్ మీదికెక్కాయి. దుకాణంలో వేసుకున్న గ్రంథాలయం కుర్చీలు తిరిగొచ్చాయి. అలమారల్లో కొత్త పుస్తకాలు, కుర్చీల్లో బీడీల ఆడవాళ్లు. మేడం చూసి మెచ్చుకున్నారు. అప్పుడు స్వరూప లేచి శాలువా విప్పింది.

"మేడం, మా లింగమూర్తి సారు గీ గది మాకు ఇడిపిచ్చిండు. తాళంచెవి సుత ఇయ్యాల్టి సంది ఆడోళ్ల దగ్గర్నే ఉంటదన్నడు. అది మీ చేతుల మీదుగ ఇప్పియ్యాలె."

గంగుబాయి శాలువా కప్పేసింది. ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. ఊరివాళ్ల ఫోన్లన్నీ పైకి లేచాయి. మీద శాలువా పడ్డ మనిషి నలుగురిలో కాదనలేడు. లింగమూర్తి పళ్లు బిగించి నవ్వుతూ గుత్తిలోంచి తాళంచెవి ఊడదీశాడు. మేడం దాన్ని అందుకుని స్వరూప చేతిలో పెట్టారు.

మేడం కాగితాలు చూడటానికి రాంచందర్‌తో ముందు గదిలోకి నడిచారు. ఆడవాళ్లంతా అరుగు మీదికి వచ్చాక స్వరూప వెనక గదికి తాళం వేసి చెవి కొంగున కట్టుకుంది. అప్పుడే ఉరిమింది. చూస్తుండగానే పెద్ద పెద్ద చినుకులు. ట్రాక్టర్ మీద టార్పాలిన్ లేదు. ఒక్క గడియ పనే కదా, మేడం పోగానే బస్తాలు మళ్లీ గదిలోకే కదా అని లింగమూర్తి కప్పించలేదు. దుకాణమేమో ఇనుప చువ్వలతో కిటకిటలాడుతోంది.

శాలువాతోనే ఉరికొచ్చాడు. "స్వరూపా! జర తాళం తియ్యి. బస్తాలు తడుస్తున్నయ్!"

ఆమె తన వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకుంది.

"తంబాకు కంపు కొడుతున్నయ్ సారూ. సర్కారు తాళం గదా. చేతులు కడుక్కోని వస్త."

అప్పటికి గుర్తొచ్చింది ఆయనకు. మొహం పాలిపోయింది. అరుద్దామంటే గోడ అవతల మేడం. స్వరూప వానలోనే పంపు దగ్గరికి నడిచింది. ఒక్కో వేలూ, ఒక్కో గోరూ, గట్టు మీది నిమ్మచెక్కతో రుద్ది రుద్ది కడిగింది.

"ఇంక జర రుద్దవే, మోచేతుల దాక!" అని అరుగు మీద నుంచి కేకేసింది గంగుబాయి.

ఆమె చేతులు తుడుచుకునేసరికి ట్రాక్టర్ కింద బూడిదరంగు నీళ్లు పారుతున్నాయి. తెల్లారేసరికి బస్తాలన్నీ బండలయ్యాయి. గ్రంథాలయానికి తర్వాతి విడత గ్రాంటు ఆ ఏడే మంజూరైంది. లింగమూర్తి ఎదురొస్తే స్వరూప ఇప్పటికీ పలకరించదు. క్షమించాలని కూడా ఆమెకు లేదు.

ఆ బండల్లో ఒకటి గ్రంథాలయం పంపు కింద పడి ఉంది. గదిలోకి వచ్చే ఆడవాళ్లు దాని మీద నిలబడి కాళ్లు కడుక్కుంటారు. తాళంచెవి స్వరూప దగ్గరే ఉంటుంది. పగలు ఆమె ఇంకా బీడీలే చుడుతోంది.