హోల్‌సేల్ తాళాలు

మా అరకు బజారులో దొంగతనాలు కూడా కాలంతోపాటు మారాయి. నా చిన్నప్పుడు దొంగతనమంటే కోడి పోవడమే. ఎవరింట్లో కూర ఉడుకుతోందో వాసనే చెప్పేది, నాలుగు తిట్లతో వ్యవహారం ముగిసేది. ఇప్పుడు బైకులు పోతున్నాయి, హోటళ్ల వెనక గ్యాస్ బండలు పోతున్నాయి, టూరిస్టులు ఎగబడే చలికాలంలో ఫోన్లు పోతున్నాయి. కొండల మీదయితే కాఫీ పళ్లు చెట్టునుంచే, మిరియాలు తీగనుంచే మాయమవుతున్నాయి. దొంగలు కూడా రేటు కనుక్కునే బయల్దేరుతున్నారని మా వర్తకుల మాట. ధర పెరిగిన సరుకే పోతుంది మరి.

ఆమధ్య మా వీధిలో వరసగా కొట్ల తాళాలు పగిలాక, అందరికీ కలిపి కొత్త తాళం కప్పలు తెప్పించాలనుకున్నాం. కొనే పని నాకు అప్పజెప్పారు. కిరాణా కొట్లో బస్తాల మధ్య పాకడం నేర్చినదాన్ని. బేరంలో నన్ను మించినవాళ్లు లేరని వీధికి నమ్మకం, నాకు అంతకు రెట్టింపు నమ్మకం. విశాఖలో హోల్‌సేల్ కొట్టువాడి టీ తాగి, కొననని లేచి, గుమ్మందాకా వెళ్లి వెనక్కొచ్చి, చివరికి ఆయనకే విసుగు పుట్టించాను.

"ఇంతకన్నా తగ్గిస్తే తాళాలిస్తాను గానీ, తాళం వేసినట్టు కాదు తల్లీ" అన్నాడాయన.

ఓటమి ఒప్పుకున్నాడనుకున్నాను. ఆయన లోపలికెళ్లి వేరే పెట్టె తెచ్చాడు. కప్పలు తళతళలాడుతున్నాయి, బరువుగానే ఉన్నాయి. యుద్ధం గెలిచినట్టు కొండెక్కి వచ్చి వీధంతా పంచాను.

పక్క గిన్నెల కొట్టు ముసలాయన ఒక్కడే మెచ్చుకోలేదు. చుట్టరికం లేకపోయినా ఆయన్ని బాబాయ్ అంటాను. నా బస్తాలు తన అరుగు మీదికి జరుగుతున్నాయని అప్పటికి చాలాకాలంగా నాతో ముభావంగా ఉన్నాడు. తాళాన్ని అరచేతిలో ఎగరేసి చూసి, "సవగ్గా వచ్చిందంటే ఏదో ఒకటి తక్కువుంటాది గుంటా" అన్నాడు. అసూయ అనుకున్నాను.

తర్వాత కొన్నాళ్లకు డుంబ్రిగుడ వైపు కొండ ఊరినుంచి మా పాత ఖాతాదారు ఒకామె మిరియాల మూట తెచ్చింది. అక్క వరస కలిపి ఆమెను అప్పా అని పిలుస్తాను. వాళ్ల ఊళ్లో ఎవరింట్లోనో ఎండబెట్టిన మిరియాలు చాటలతో సహా పోయాయట. ఆమెకు వానలు పడేలోపు ఇంటికి రేకులు వేయించుకోవాలని ఉంది. ఆ రేకులన్నీ ఈ మూటలోనే ఉన్నాయి. ధర ఇంకా లేవలేదు, లేచేదాకా నా కొట్లో ఉంచమంది. కొత్త తాళాన్ని గర్వంగా చూపించాను. మూట మూతిని అడ్డతీగ నారతో తనే బిగించి కట్టి వెళ్లింది.

ఆ తర్వాత నేను నర్సీపట్నంలో చుట్టాల పెళ్లికి వెళ్లి, తిరిగి వచ్చేసరికి నా షట్టరుకు నా తాళం పైన ఇంకో తాళం వేసి ఉంది. చేటంత ఇనప కప్ప. బాబాయ్ వాళ్ల నాన్న కాలంనాటిది, వీధిలో అందరికీ తెలిసినదే. అరుగు గొడవకు నా కొట్టు మూయించాడనుకున్నాను. చేతిలో సంచి దించకుండానే దెబ్బలాటకు వెళ్లాను.

ఆయన గిన్నెలు సర్దుతూ తల కూడా ఎత్తలేదు.

"అరవకు. ముందు నీ తాళం సెవి నా తాళంలో ఎట్టి సూడు."

షట్టరు కొక్కేనికి మూసి వేలాడుతున్న కప్పలో పెట్టి తిప్పాను. ఆయన కొట్టు తాళం హాయిగా తెరుచుకుంది.

ముందురోజు పొద్దున్నే మంచులో ఏమీ కనబడక, రెండు షట్టర్లూ నీలం రంగువే కావడంతో, ఆయన తన తాళం చెవితో నా కొట్టు తెరిచాడట. సగం పైకెత్తేసరికి గిన్నెలుండాల్సిన చోట కందిపప్పు బస్తాలు. అనుమానమొచ్చి అవతలి కొట్టు తాళంలోనూ పెట్టి చూశాడు. అదీ తెరుచుకుంది. వీధి వీధంతటికీ నేను ఒకే తాళం చెవి కొనుక్కొచ్చాను.

"ఫోన్ చెయ్యకపోయావా బాబాయ్?"

"బజార్లో నిలబడి ఫోన్లో సెప్పే మాటేటే ఇది? ఏ దొంగెదవైనా ఇంటే? ఎలాగూ నువ్వు వత్తావని ఊరుకున్నాను."

అప్పుడు చూశాను. ఆయన కొట్టుకు ఉన్నది నేను తెచ్చిన తాళమొక్కటే. ఉన్న ఒక్క మంచి తాళమూ నా షట్టరుకు వేశాడు. ఇదేమిటని అడిగాను.

"గిన్నెలు పోతే నాయి పోతాయి. ఆ మిరియాలు నీవి కావు గదా."

ఇనప కప్ప తాళం చెవి తీసి నా చేతిలో పెట్టాడు.

ఆ మధ్యాహ్నమే కొట్టుకొట్టుకూ వెళ్లి విషయం చెప్పాను. షట్టర్లు కూడా నువ్వే తెచ్చుంటే వీధంతటికీ ఒకటే సరిపోయేదని టీ కొట్టతను దెప్పాడు. ఎవరి తాళం వాళ్లు వేరేచోట్ల కొనుక్కున్నారు. నన్ను ఎవరూ పంపలేదు.

అప్పకు చెప్పడమే కష్టమయింది. ధర లేచాక ఆమె దిగింది. వచ్చీ రాగానే, "తాళం మీద తాళమేటి సావుకారమ్మా?" అంది. దాచకుండా అంతా చెప్పాను. ఆమె మూట దగ్గర కూర్చుని ముడిని వేళ్లతో తడిమింది, చుట్టూ నొక్కి చూసింది. అంతసేపూ నేను నిలబడే ఉన్నాను.

"నాను కట్టిన ముడే" అంది చివరికి. "వచ్చే ఏడూ ఇక్కడే ఎడతాను. నీ తాళం సూసి కాదు, పక్క కొట్టు ముసలాయన్ని సూసి."

ఆ సంవత్సరం వానలకు ముందే ఆమె ఇంటికి రేకులు పడ్డాయి. ఇనప కప్పను బాబాయ్ తిరిగి అడగలేదు, ఇప్పటికీ నా షట్టరుకే ఉంది. నా బస్తాలు మాత్రం ఆయన అరుగు దిగి ఇంటిదారి పట్టాయి.

మిరియాలు అమ్ముకున్న రోజున అప్ప గిన్నెల కొట్లోకి వెళ్లి ఒక పెద్ద డేగిసా ఏరుకుంది. తోడుగా నేనూ వెళ్లాను. బాబాయ్ ధర చెప్పాడు. ఎక్కువే చెప్పాడు, నాకు తెలుసు. బేరమాడమన్నట్టు అప్ప నా మొహంలోకి చూసింది.

"అడిగినంతా ఇచ్చెయ్ అప్పా" అన్నాను.