'ఏడ్వనీ' అనే మా చాచి

మొన్న పొద్దున కోరుట్ల నుంచి ఫోన్ వచ్చింది, మా పక్కింటి చాచి పోయిందని. జగిత్యాలలో బస్సెక్కి నేను చేరేసరికే జనాజా నలుగురి భుజాల మీద లేచింది. అరుగు మీద ఆమె బీడీల చాట బోర్లించి ఉంది. వాడలో అందరూ ఆమె చేతివేగం గురించి చెప్పుకుంటున్నారు. నేను ఆమె చెవుల గురించి చెబుతాను.

వాడలో ఏ పసిపిల్ల ఏడ్చినా చాచి నిమ్మళంగా బీడీలు చుట్టుకునేది. తల్లి కంగారుపడితే "ఏడ్వనీయే, ఊపిరాడుతది" అనేది. ఎక్కడా ఏడుపు వినబడకపోతేనే ఆమెకు తోచేది కాదు. దారం పక్కన పెట్టి గల్లీలోకి తొంగిచూసేది. ఏడుపున్న ఇల్లే బతికున్న ఇల్లు అని ఆమె సామెత. అది తాతలనాటిదేమీ కాదు, సొంతంగా కల్పించుకున్నదేనని నా అనుమానం.

చిన్న వయసులో భర్త పోతే, కొడుకును తల్లి దగ్గర వదిలి చాచి బొంబాయి వెళ్లింది. అక్కడ ఒకరింట్లో ఉండి వాళ్ల పిల్లను చూసుకుంది. ఆ పిల్ల ఊసెత్తితే మాట మార్చేది. ఒకసారి పట్టుబట్టి అడిగితే, "అది ఏడ్వకపోయేది, బిడ్డా" అని లేచి లోపలికి పోయింది.

ఆ మాట అర్థం కాకుండానే నేనూ అదే పనికి బయల్దేరాను. నాన్న తాటిచెట్టు మీది నుంచి పడి మంచం పట్టాడు. అమ్మ చుట్టే బీడీలతో ఇల్లు గడవదు. హైదరాబాదులో ఒక మేడమ్ ఇంట్లోనే ఉండి, పది నెలల బాబును చూసుకోవాలి. అందరూ మంచి జరగాలన్నారు. చాచి ఒక్కతే అడిగింది.

"నీకంటె ముందున్నామె ఎందుకు పోయిందట?"

"ఏమో చాచీ, నేనడగలే."

"అడిగేదుండె."

అక్కడికి పోయాక అడిగాను. "ఆమెకు ఇక్కడ పడలేదు" అంది మేడమ్, ల్యాప్‌టాప్ నుంచి కళ్లెత్తకుండా. బాబు మాత్రం బంగారం. ఏడ్వడు, మారాం చేయడు, పడుకోబెట్టిన చోట పైకప్పు వంక చూస్తుంటాడు. నా అదృష్టం పండిందనుకున్నాను. వారం తిరిగేసరికి నాకు భయం పట్టుకుంది. గిలక ఊపితే తల తిప్పడు. అరచేతిలో వేలు పెడితే పట్టుకోడు.

మా ఊరి బుద్ధి కదా, దిష్టి అనుకున్నాను. ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి పొయ్యి మీద వేశాను. ఇల్లంతా ఘాటు కమ్మింది. మేడమ్ దగ్గుతూ పరుగెత్తుకొచ్చి నన్ను చెడామడా తిట్టింది. బాబు కూడా దగ్గాడు, కళ్ల వెంట నీళ్లు కారాయి, కానీ ఏడ్వలేదు. మిరపకాయలు ఘాటెక్కితే దిష్టి లేనట్టే. మరి ఏమున్నట్టు? బట్టలారేసే బాల్కనీలోంచి చాచికి ఫోన్ చేశాను.

"మందేమన్న పోస్తుండ్రా?" అంది.

"జలుబు మందు. మేడమ్ మీటింగులకు ముందు పొయ్యమంటది. నేనే పోస్తున్న."

"జలుబున్నదా పిల్లగానికి?"

"లేదు."

అవతల చాచి బీడీల చాట పక్కకు జరిపిన చప్పుడైంది. తర్వాత, "బొంబైల నేను నల్లమందు పోసిన, బిడ్డా. అమ్మగారు చెప్తె పోసిన. నువ్వు పొయ్యకు" అంది. ఆ మాట ఆమె నోట విన్నది ఆ ఒక్కసారే.

మర్నాడు పోయలేదు. పొద్దెక్కేకొద్దీ వాడి గొంతు విచ్చుకుంది. ముఖం ఎర్రబడి, కాళ్లూ చేతులూ కొట్టుకుంటూ ఏడ్చాడు. ఎత్తుకుంటే నా జుట్టు గుంజాడు. సంతోషంతో నాకూ ఏడుపొచ్చింది.

"మందు పోశావా?" అంది మేడమ్.

"జలుబు లేదు మేడమ్. నేను పొయ్య."

సాయంత్రానికి నా సంచి గుమ్మం బయట ఉంది. డాక్టరుకు చూపించమని బతిమాలాను. తలుపు మూసుకుంది. లిఫ్టులో దిగుతుంటే వాడి ఏడుపు వినబడుతూనే ఉంది. కింద తలుపులు తెరుచుకునేలోపే ఆగిపోయింది. గేటు దగ్గర నిలబడి పిల్లల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేశాను. చూస్తామన్నారు. చూశారో లేదో నాకు ఈనాటికీ తెలియదు.

ఇదంతా చెబితే చాచి నన్ను మెచ్చుకోలేదు, ఓదార్చనూ లేదు. "మనం పొయ్యకపోతె ఇంకొకలు పోస్తరు. అయినా మనం పొయ్యద్దు" అంది. ఇప్పుడు అంగన్‌వాడీలో ఆయాగా పనిచేస్తున్నాను. పసివాళ్లు గొంతు చించుకుంటుంటే నాకు విసుగు రాదు. అది చాచి పెట్టిన భిక్షే.

పోయిన నెల ఆమెను చూడబోయాను. మంచంలో చిక్కి సగమైంది. అవతలి ఇంట్లో ఓ పసిపిల్ల ఒకటే ఏడుపు. నిద్ర చెడుతుందని కోడలు కిటికీ వేయబోతే చాచి చేయెత్తి వద్దంది. కాసేపటికి ఏడుపు ఠక్కున ఆగింది. చాచి కళ్లు తెరిచింది.

"పోయి చూసి రా."

పరుగెత్తాను. తల్లి పాలిస్తోంది. వచ్చి అదే చెప్పాను. చాచి తలూపింది గానీ, అవతల ఆ పిల్ల మళ్లీ గుక్కపట్టేదాకా కళ్లు మూయలేదు.