పద్నాలుగు అంగుళాల మొక్కు

ఇంజనీరింగ్ చదివిన ఆ నాలుగేళ్ళలో నేను జాబితా రాసుకోకుండా ఒక్క పని కూడా చెయ్యలేదు. ఇప్పుడు ఆ నోటు పుస్తకాలు తిరగేస్తుంటే, ఇంత క్రమశిక్షణతో ఇంత తెలివితక్కువగా బతకడం అందరివల్లా అయ్యే పని కాదనిపిస్తుంది. వాటిలో ఎక్కువ పేజీలు తిన్నది చదువు కాదు, గ్లామ్ మెటల్. ఆ మాట వినని అదృష్టవంతుల కోసం రెండు ముక్కలు చెబుతాను. నలభై ఏళ్ళ కిందట అమెరికాలో కొందరు మగవాళ్ళు జుట్టు గడ్డివాములా పొంగించి, కళ్ళకు కాటుక పెట్టి, చిరుతపులి మచ్చల ప్యాంట్లు తొడిగి గిటార్లు వాయించారు. తర్వాత ఆ మోజు చల్లారింది. నా కాలేజీ రోజులకి స్వీడన్ వైపు కుర్రాళ్ళు కొందరు అదే కాటుక, అదే జుట్టు, అదే ప్యాంటుతో దాన్ని మళ్ళీ లేవదీశారు. ప్రపంచంలో ఇంకెవరూ లేనట్టు, వాళ్ళని వెనకుండి నిలబెట్టే బాధ్యత ఉయ్యూరులో షుగర్ ఫ్యాక్టరీ సైరన్‌కి నిద్రలేచే నేను నెత్తికెత్తుకున్నాను.

నెత్తికెత్తుకోవడమంటే మాటవరసకి కాదు. సెకండియర్ నుంచి జుట్టు పెంచాను. నెలకోసారి స్కేలు పెట్టి కొలిచి కంప్యూటర్లో పట్టిక వేసేవాణ్ణి. తేదీ, పొడవు, వాడిన షాంపూ, వ్యాఖ్యలు. (వ్యాఖ్యల గడిలో 'అమ్మ ఆముదం రాసింది, ఫలితం ప్రతికూలం' వంటివి ఉండేవి.) చెరకు క్రషింగ్ సీజన్లో ఫ్యాక్టరీ గొట్టం నుంచి నల్లటి నుసి ఎగిరొచ్చి తలంతా పట్టేది. దాన్ని దులుపుకుంటూ విజయవాడ బస్సెక్కితే, వెనకనుంచి కండక్టరు "అమ్మా, కొంచెం ముందుకు జరగమ్మా" అనేవాడు. నేను తిరిగితే ఆయనకి మీసాలతో అమ్మ కనబడేది. అప్పట్నుంచి పెనమలూరు దాటేదాకా ఆయన నావైపు చూసేవాడు కాదు.

ఆ రోజుల్లో నాకింకో గుణం ఉండేది. నా వాలకం గురించి ఎవరడిగినా నిజం చెప్పాలంటే స్వీడన్ నుంచి మొదలుపెట్టాలి. అంత ఓపిక ఇటూ ఉండేది కాదు, అటూ ఉండేది కాదు. అయితే మనవాళ్ళు మంచివాళ్ళు, ప్రశ్నతో పాటు జవాబు కూడా వాళ్ళే ఇస్తారు. ఆ జవాబుకి "అవునండి" అనేస్తే పనైపోయేది. చిరుత మచ్చల బట్ట నాకు వన్ టౌన్లో నైటీల గుడ్డలమ్మే కొట్లో తప్ప ఎక్కడా దొరకలేదు. దాన్ని పట్టుకెళ్తే టైలరు కొలతల పుస్తకం తీసి, మేడమ్ గారి కొలతలేవండీ అన్నాడు. నైటీ కాదు ప్యాంటు, అది కూడా నాకే అన్నాను. ఆయన టేపు మెడలోంచి తీసి, కాసేపు దాన్నే చూసి, "నాటకమాండీ?" అన్నాడు.

"అవునండి" అన్నాను.

ఈ గుణమే మా హెచ్ఓడీ గారి గదిలో నా కొంప ముంచింది. మా కాలేజీలో జుట్టు చొక్కా కాలరు దాటకూడదు. నాది అప్పటికి కాలరు దాటి భుజం మీదికి దిగుతోంది. ఆయన నన్ను పిలిపించి, కళ్ళజోడు పైనుంచి చూసి, తిట్టడానికి నోరు తెరిచి, ఏదో తట్టి ఆగారు. నుదుటిమీద తిరునామం పెట్టుకుని వచ్చే మనిషి.

"ఏవయ్యా, మొక్కా?" అన్నారు.

"అవునండి" అన్నాను.

ఆయన గొంతు మారిపోయింది. ఎక్కడికని అడిగారు. దీనికి మాత్రం నేను బుర్ర వాడాను. దగ్గరి గుడి చెబితే వచ్చేవారం తీర్చుకోమంటారని, తిరుమల అన్నాను. మా ఇళ్ళల్లో పెద్ద తిరుపతి అంటాం. అక్కడ దర్శనం టిక్కెట్లు దొరకాలంటే నెలలు పడుతుంది. అంటే అన్ని నెలలు జుట్టుకి రక్షణ. ఏం కోరుకున్నావని అడిగారు. ఎం-త్రీ పాసవ్వాలని అన్నాను. ఎం-త్రీ అంటే లెక్కల మూడో పేపరు. అప్పటికి మూడుసార్లు తప్పాను, నా అంచనా ప్రకారం ఈ జన్మలో పాసయ్యే సూచనలు లేవు. అంటే నా మొక్కు తీరే ప్రసక్తే లేదు. ఇంత పకడ్బందీగా అబద్ధం అల్లినవాడు మా బ్రాంచిలో ఇంకొకడు లేడని ఆ రోజు నాకు గర్వంగా అనిపించింది. హెచ్ఓడీ గారు నిజమో కాదో కనుక్కుందామని మా ఇంటికి ఫోన్ చేస్తారని, దాన్ని మా అమ్మమ్మ ఎత్తుతుందని నా జాబితాలో లేదు.

అమ్మమ్మ మాతోనే ఉండేది. ఆ సాయంత్రం నేను గుమ్మంలో అడుగుపెట్టగానే నా తల రెండు చేతుల్లోకి తీసుకుని, ఇంతకాలం ఈ జుట్టు చూసి చెడిపోయావనుకున్నాను నాన్నా, లెంపలేసుకుంటున్నాను అని నిజంగానే లెంపలు వేసుకుంది. అప్పట్నుంచి ఇంట్లో నా జుట్టు జోలికి ఎవరూ రాలేదు. అది నాది కాదు, దేవుడిది. నాన్నగారు కూడా "దేవుడి సొమ్ము" అని తప్పుకునేవారు. నేను మాత్రం ఆ దేవుడి సొమ్ముకి రోజూ అద్దం ముందు అరగంట డ్రయ్యరు పెట్టి గాలి కొట్టేవాణ్ణి.

ఏడాదిన్నర అలా హాయిగా గడిచింది. ఆ స్వీడన్ బ్యాండు బెంగళూరు వస్తోందన్న కబురు వచ్చింది. దక్షిణాదిలో వాళ్ళ అభిమానులం తొమ్మిదిమందిమి ఒక వాట్సాప్ గ్రూపులో ఉండేవాళ్ళం. దానికి నేనే అడ్మిన్ని. నిర్వాహకులు దయతలిచి, పూర్తి వేషంలో వచ్చిన అభిమానులకి కచేరీ ముందు వేదిక వెనక బ్యాండుతో ఫోటో ఇప్పిస్తాం, పేర్లు పంపండి అన్నారు. పేర్లు అడిగితే నేను నియమావళి రాశాను. మొత్తం పదకొండు నియమాలు. ఒకటి, జుట్టు భుజం దాటాలి. నాలుగు, విగ్గు పనికిరాదు. పదకొండు, అడ్మిన్‌తో సహా ఎవరికీ మినహాయింపు లేదు. (ఈ పదకొండోది ఎందుకు రాశానో ఈనాటికీ తెలీదు. గంభీరంగా ఉంటుందనుకున్నానేమో.) అప్పటికి నా జుట్టు పద్నాలుగు అంగుళాలు. కచేరీకి ఐదు వారాలుంది.

ఎం-త్రీ ఫలితాలు ఆ వారమే వచ్చాయి. పాసయ్యాను. సరిగ్గా పాస్ మార్కు, ఒకటి ఎక్కువా లేదు, తక్కువా లేదు. నా పేపరు నేనే దిద్దినా అన్ని మార్కులు వేసేవాణ్ణి కాదు. క్లాసులో అందరూ నన్ను ఎత్తుకుని ఊరేగిస్తుంటే, నేను రెండు చేతులతో జుట్టు పట్టుకుని ఉన్నాను. భయపడ్డానని ఫ్రెండ్స్ అనుకున్నారు. భయపడ్డ మాట నిజమే, పడిపోతానని మాత్రం కాదు.

ఇంటికెళ్ళి, పెద్ద తిరుపతి టిక్కెట్లు మూడు నెలల దాకా లేవని కంప్యూటర్లో చూపించాను. గొంతులో బాధ కూడా బాగానే పలికించాను. అమ్మమ్మ ఆ తెర వైపు కూడా చూడలేదు.

"దానికేంరా, పెద్ద తిరుపతి మొక్కు చిన్న తిరుపతిలో తీర్చుకోవచ్చు. చిన్న తిరుపతిలో మొక్కింది మాత్రం అక్కడే తీర్చాలి. నువ్వు పెద్దాయనకే మొక్కావు కాబట్టి ఏ ఇబ్బందీ లేదు" అంది.

చిన్న తిరుపతి అంటే ద్వారకా తిరుమల. పొద్దున్నే బస్సెక్కితే చీకటి పడేలోగా ఇంట్లో ఉండొచ్చు. మా జిల్లాలో చంటిపిల్లలకి కూడా తెలిసిన ఈ నియమం, పదకొండు నియమాలు రాసిన నాకు తెలీదు. ఆఖరి ఆశగా, ఐదు వారాలు ఆగుదామమ్మమ్మా, కాలేజీలో ప్రాజెక్టు పనుంది అన్నాను. పోట్లాడుతుందని సిద్ధపడ్డాను. ఆవిడ పోట్లాడలేదు. "సరేలేరా. ఇంత కాలం ఆగాను, ఐదు వారాలు ఆగలేనా" అని లోపలికి వెళ్ళిపోయింది.

దేనికి ఆగిందో మర్నాడు పొద్దున అమ్మ చెప్పింది. అమ్మమ్మకి కాఫీ అంటే ప్రాణం. పొద్దున ఒకటి, మధ్యాహ్నం పడుకుని లేచాక ఒకటి, ఆ రెండూ పడితేగానీ మనిషి మనిషిలా ఉండేది కాదు. గ్యాసు పడుతోందని మానేసిందనుకున్నాం అందరం. గ్యాసు కాదు. హెచ్ఓడీ గారి ఫోన్ పెట్టేసిన క్షణాన, మా మనవడు పాసై మొక్కు తీర్చుకునేదాకా కాఫీ ముట్టనని తనూ మొక్కుకుంది. ఏడాదిన్నరగా నేను షాంపూల మీద పరిశోధన చేస్తుంటే, ఆవిడ వంటింటి గడప దగ్గర కూర్చుని, నాన్నగారి కాఫీకి డికాషన్ దిగుతున్నప్పుడు ఆ వాసన చూసి లేచి వెళ్ళిపోతోంది.

నేను గదిలోకి వెళ్ళి అలవాటు ప్రకారం కాగితం మీద నిలువు గీత గీశాను. ఎడమవైపు 'నిజం చెప్పడం', కుడివైపు 'గుండు'. నిజం చెబితే జుట్టు మిగులుతుంది. కానీ ఏడాదిన్నర కాఫీ ఒక అబద్ధం కోసం మానేశానని ఆవిడకి తెలుస్తుంది. ఆ వాక్యం రాశాక కుడివైపు రాయడానికి ఏమీ మిగల్లేదు. అయినా వెంటనే లొంగిపోయానని చెప్పుకుంటే అది కూడా అబద్ధమే అవుతుంది. నాలుగు రోజులు ఓర్చుకున్నాను. ఐదో పొద్దున అమ్మమ్మ నాన్నగారు తాగి పెట్టిన ఖాళీ గ్లాసు కడగడానికి తీసుకెళ్తూ, ఎవరూ చూడటం లేదనుకుని ఒక్కసారి ముక్కు దగ్గర పెట్టుకుంది. నేను చూశాను. శనివారం వెళ్దామమ్మమ్మా అన్నాను.

శనివారం ఏలూరు మీదుగా చిన్న తిరుపతి చేరాం. కల్యాణకట్టలో జనం కిటకిటలాడుతున్నారు. వరసలో కూర్చుని తల వంచాను. ముందురోజే ఆఖరిసారిగా కండిషనర్ పెట్టి తలస్నానం చేశాను (దేవుడికిచ్చేది శుభ్రంగా ఇవ్వాలి కదా అని నాకు నేను చెప్పుకున్నాను). మంగలాయన వెనకనుంచి వచ్చి, నీళ్ళు చల్లబోయి, ఆ పట్టులాంటి జుట్టు చేతిలోకి తీసుకుని బరువు చూసినట్టు చూశాడు. ఆడవాళ్ళు గుండు వద్దనుకుంటే మూడు కత్తెరలు ఇవ్వడం ఉంది. అంటే మూడుచోట్ల చిన్న చిన్న కొసలు కత్తిరించి దేవుడికిస్తారు. మొక్కు చెల్లుతుంది, జడ నిలుస్తుంది.

"అమ్మగారికి మూడు కత్తెరలేనాండీ?" అన్నాడాయన.

జీవితమంతా నేను ఎదురుచూసిన ప్రశ్న అది. జవాబు కూడా ఆయనే ఇచ్చాడు. అవునండి అంటే చాలు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. అమ్మమ్మ ఎదురుగా స్తంభానికి ఆనుకుని చేతులు జోడించుకుని నిలబడి ఉంది. ఆ సందడిలో ఆవిడకి ఏమీ వినబడలేదు.

"కాదండి. గుండు" అన్నాను.

నా గొంతు విని ఆయన ముందుకి వంగి, మీసాలు చూసి, "అయ్యో, సారీ బాబూ" అన్నాడు. ఆ తర్వాత పని చకచకా జరిగిపోయింది. రెండున్నరేళ్ళ పట్టికంతా ఒళ్ళో పడింది. దర్శనమయ్యాక కొండ దిగువన హోటల్లో అమ్మమ్మ రెండు చేతులతో గ్లాసు పట్టుకుని మొదటి గుక్క తాగి కళ్ళు మూసుకుంది. చాలాసేపు తెరవలేదు. తెరిచాక, "పంచదార ఎక్కువేశాడు వెధవ" అని రెండోది చెప్పమంది.

ఇంటికొచ్చి పట్టికలో పొడవు గడిలో సున్నా వేశాను. తర్వాత ఒకటో నియమం ప్రకారం నా పేరు నేనే కొట్టేసి, కారణం రాసి గ్రూపులో పెట్టాను. అందరూ ఏడుపు బొమ్మలు పెట్టారు. నెల్లూరు బస్ డిపోలో పనిచేసే ఒకాయన ఉండేవాడు. మాలో పెద్దవాడు, ఆయన్ని మేం నెల్లూరన్న అనేవాళ్ళం. ఆయన మాత్రం నాకు ఫోన్ చేశాడు.

"ఏం తమ్ముడూ, మొక్కు తీర్చుకున్నవాణ్ణి బయట నిలబెట్టి మనం లోపలికి పొయ్యేదా? మాకది జరిగే పని కాదబ్బా. గుండు కూడా జుట్టే, కాకపోతే ఇచ్చేసిన జుట్టు. నువ్వు రా" అన్నాడు. ఎనిమిదిమంది ఓటేసి పదకొండో నియమం కొట్టేశారు. నేను రాసిన వాటిలో ఎవరైనా శ్రద్ధగా చదివిన నియమం అదొక్కటే.

అలా బెంగళూరులో, కాటుక పెట్టుకుని, నైటీ గుడ్డ ప్యాంటు తొడుక్కుని, చెరకు నరికిన పొలంలా మోళ్ళు పొడుచుకొచ్చిన తలతో నా దేవుళ్ళ ముందు నిలబడ్డాను. బ్యాండులో పాడే అతను నా తల చూసి ఏదో అడిగాడు. రెండేళ్ళుగా అద్దం ముందు సాధన చేసిన ఇంగ్లీషు వాక్యాలు ఒక్కటీ రాలేదు. నెల్లూరన్నే ముందుకొచ్చి, వీడు జుట్టు దేవుడికిచ్చాడు అని చెప్పాడు. ఎంత పొడవుండేదని అడిగాడతను. నేను ఫోన్ తీసి పట్టిక చూపించాను. అతను పైనుంచి కిందికి సున్నా దాకా చదివి, నా గుండు మీద ఒకసారి చెయ్యి వేశాడు. ఫోటోలో నా తలమీద, అతను ఒంటికి పూసుకున్న వెండి మెరుపులతో, అరచెయ్యి అచ్చు కనబడుతుంది.

ఆ ఫోటో తెచ్చి అమ్మమ్మకి చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని, నడుముదాకా జుట్టున్న ఆ నలుగురు స్వీడన్ వాళ్ళనీ ఒక్కొక్కరినీ పరీక్షగా చూసింది. కాటుక గురించి గానీ ప్యాంట్ల గురించి గానీ అడుగుతుందని, ఏ జవాబు ఇస్తుందో చూసి అవునందామని కూర్చున్నాను.

"అందరిలోకీ నీ ఒక్కడికే తీరిందిరా" అంది జాలిగా. "పాపం, వీళ్ళవి ఎన్నేళ్ళ మొక్కులో."

ఇది జరిగి ఏడేళ్ళు దాటింది. ఇప్పుడు కొండపల్లి దగ్గర ఫ్యాక్టరీలో ఉద్యోగం, పగలంతా తలమీద హెల్మెట్. నూనె రాసి, పాపిడి తీసి దువ్వుకుంటాను. చిరుత మచ్చల ప్యాంటుని అమ్మ దిండు గలీబులు చేసింది. మొన్న ఆ పాడే అతను జుట్టు పొట్టిగా కత్తిరించుకుని, చంటిపాపని ఎత్తుకుని దిగిన ఫోటో పెట్టాడు. తీసుకెళ్ళి అమ్మమ్మకి చూపించాను. ఆవిడ కాఫీ గ్లాసు కింద పెట్టి, ఫోన్ దూరంగా పట్టుకుని చూసి, "హమ్మయ్య, తీర్చేసుకున్నాడు. సంతానం కోసమన్నమాట" అని స్వీడన్ వైపు ఒక దణ్ణం పెట్టింది.

తర్వాత ఫోన్ ఇచ్చేస్తూ నా తల వైపు చూసింది. ఈమధ్య నా నుదురు ఏడాదికి కొంచెం చొప్పున వెనక్కి జరుగుతోంది. ఎంతో చెప్పలేను, కొలవడం మానేశాను.

"నువ్వు మళ్ళీ ఏదో మొక్కుకున్నట్టున్నావే. ఈసారి విడతలవారీగా ఇస్తున్నావా?" అంది.

"అవునమ్మమ్మా" అన్నాను.