శంషాబాద్‌కు మార్మన్ మిత్రుడితో

ఆర్టీసీ బస్సులో కిటికీ పక్క సీటు దొరకడం అదృష్టమని ఇంకా నమ్మేవాళ్ళకు నాదొక మనవి. ఆ కిటికీ అద్దం సగంలో ఇరుక్కుపోయి ఉంటుంది. దుమ్మూ ఎండా ఏ ఇబ్బందీ లేకుండా లోపలికి వస్తాయి. బయటి దృశ్యం ఒక్కటే రాదు.

తొంభైల మధ్యలో ఒక రెండో శనివారం, ఉదయం తొమ్మిదింటికి, అఫ్జల్‌గంజ్‌లో షాద్‌నగర్ బస్సెక్కి అలాంటి సీటే సంపాదించాను. పక్కన ప్రసాదరావు. బీమా ఆఫీసులో మావి పక్కపక్క బల్లలు. గుడివాడవాడు. కొన్నేళ్ళ కిందట మార్మన్ అయ్యాడు. అది అమెరికాలో పుట్టిన క్రైస్తవ శాఖ. వాళ్ళకు టీ, కాఫీ నిషిద్ధం. అప్పట్నుంచీ అతని వాటా కూడా నేనే తాగి సర్దుతున్నాను.

శంషాబాద్‌లో లారీ టైర్లకు పంక్చర్లు వేసే మల్లయ్య, అతని భార్య యాదమ్మ బాప్తిస్మం అడిగారట. అది ఇచ్చేముందు చివరిసారి మాట్లాడి రావాలి, తోడు రమ్మన్నాడు. ఇంట్లో బీరువా జరిపే పని ఉండటంతో వెంటనే ఒప్పుకున్నాను.

ఆరాంఘర్ దాటాక నోరు ఊరుకోలేదు. "అమెరికా ఎడారిలో మీవాళ్ళు ఒక్కొక్కరు ఏడుగురిని చేసుకుంటారటగా? పత్రికలో చదివాను."

"వాళ్ళు మావాళ్ళు కారండీ," అన్నాడు, ఈ ప్రశ్నకు అలవాటుపడ్డ గొంతుతో. "మా సంఘం ఆ పద్ధతి నూరేళ్ళ కిందటే మానేసింది. ఇప్పుడెవరైనా చేస్తే వెలివేస్తుంది. పత్రికలవాళ్ళకు తేడా తెలీదు, మా పరువు పోతుంది."

"మరి వాళ్ళేమంటారు?"

"అసలు మార్మన్లు తామేనంటారు. ప్రభుత్వానికి భయపడి మేమే దారి తప్పామట."

ముందు సీటులోంచి ఒకావిడ తల తిప్పింది. "ఏడుగురా అన్నా? రేషన్ కార్డు మీద అందర్ని ఎక్కిస్తడా?"

ప్రసాదరావు నవ్వలేదు. ఆ కొరత నేను తీర్చాను.

పది దాటాక దిగాం. వెళ్ళదలచినవారికి గుర్తు: బస్టాండు నుంచి హైవే వెంబడే నడిస్తే గోడకు లారీ టైర్లు ఆనించిన దుకాణం కనిపిస్తుంది, ఇల్లు దాని వెనకే. యాదమ్మ చాప పరిచింది. చెల్లెలు లక్ష్మి నాకు టీ, ప్రసాదరావుకు మంచినీళ్ళు తెచ్చింది. ఇద్దరు పిల్లలు మల్లయ్య వీపెక్కి ఆడుతున్నారు.

యాదమ్మకు ఒక్కడే కొడుకట, చిన్నప్పుడే జ్వరంతో పోయాడు. చనిపోయినవాళ్ళతో కుటుంబం మళ్ళీ కలుస్తుందని ప్రసాదరావు చెప్పిన నాటి నుంచి ఆమె ఒక్క ఆదివారం కూడా ప్రార్థన తప్పలేదు. ఆ కథంతా అయ్యాక, మర్యాద కోసం కాబోలు, అతను లక్ష్మిని పలకరించాడు.

"మీ ఆయన ఊళ్ళో ఉండరా అమ్మా?"

"గీడనే ఉన్నడు గద సారు, మీ ఎదురుంగ."

ఎదురుగా మల్లయ్య తప్ప ఎవరూ లేరు. గ్లాసు కింద పెట్టేశాను. బస్సులో వేసిన జోకుల్లో ఒక్కటీ గుర్తుకు రాలేదు. నా విషయంలో ఇది అరుదు.

"మరదలన్నావుగా?" అన్నాడు ప్రసాదరావు.

"మరదలే సారు. అబద్ధం చెప్పలే," అన్నాడు మల్లయ్య.

"కొడుకు పోయినంక నేనే తెచ్చి పెండ్లి చేసిన," అంది యాదమ్మ.

ప్రసాదరావు నీళ్ళన్నీ తాగి, మెల్లగా చెప్పాడు. ఇద్దరు భార్యలున్న ఇంట్లో ఎవరికీ బాప్తిస్మం దొరకదు. లక్ష్మిని వదిలితేనే మిగతా మాట.

"పిల్లలు దానియే గద. యాడికి పోతది?" అంది యాదమ్మ. లక్ష్మి లేచి పిల్లల్ని దగ్గరికి లాక్కుంది.

యాదమ్మే మళ్ళీ అందుకుంది. "నీ మొదటామె సచ్చిపోయింది, పైన కలుస్తదంటివి సారు. మరి ఇప్పటామె?"

ప్రసాదరావు అబద్ధమాడడు, అదే అతనితో చిక్కు. "ఆమె కూడా," అన్నాడు.

"ఇద్దరా?"

"మనీలాలో మా ఆలయం ఉందమ్మా. అక్కడ ఇద్దరితోనూ నాకు ముడి వేశారు. ఎప్పటికీ విడిపోని ముడి."

ఆరేళ్ళుగా పక్క బల్ల. అతని సెలవుల లెక్క నాకు కంఠస్థం. ఈ సంగతి మాత్రం ఆ చాప మీదే తెలిసింది. వెలిపడ్డవాళ్ళకూ వెలివేసినవాళ్ళకూ మధ్య గోడ చాలా ఎత్తనుకున్నాను. అందులో తలుపు కూడా ఉందని నాకెవరూ చెప్పలేదు.

మధ్యాహ్నం ఒంటిగంటకు తిరుగు బస్సు. గగన్‌పహాడ్‌లో మేనత్తను చూడాలని యాదమ్మ కూడా ఎక్కింది. నిలబడే ప్రయాణం. శంషాబాద్ ఎలా ఉందని అడిగితే ఎండగా ఉందని మాత్రం చెప్పగలను. గగన్‌పహాడ్‌లో బస్సు ఆగాక యాదమ్మ మెట్టు మీద నిలబడి వెనక్కి తిరిగింది.

"నా చెల్లెను పంపను సారు. సచ్చినంక నీకు ఇద్దరు పెండ్లాలుండొచ్చట, బతికుండంగ మేమిద్దరం ఒక్కింట్ల ఉండొద్దట."