ఫిర్యాదు ఉన్నవాళ్ళ కుర్చీ

మా చిన్నప్పుడు నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో, పార్టీ ఆఫీసులో ఒకే ఒక్క కుర్చీ ఉండేది... కట్టె కుర్చీ. ఒక చెయ్యి ఊడితే సుతిలి తాడుతో కట్టారు.

అది లీడర్ కుర్చీ కాదు. లీడర్ యాదగిరి అన్న చాప మీద కూర్చునేవాడు, కమిటీ అంతా చాప మీదే. ఎవరైనా కష్టం చెప్పుకోవడానికి వస్తే వాళ్ళకు మాత్రం కుర్చీ. 'ఫిర్యాదు ఉన్నవారిదే కుర్చీ' అని గోడ మీద ఎర్ర రంగుతో ఇంతింత అక్షరాలు... రాసింది సుధాకర్ అన్న. అప్పుడు కాలేజీలో చదువుతుండేవాడు.

పార్టీ పేరు చెప్పను. వామపక్షం. కూలీల పక్షం, బుట్ట పెట్టుకుని బతికేవాళ్ళ పక్షం. మా పక్క పోర్షనే కాబట్టి ఆ ఆఫీసు నాకు సగం ఇల్లు.

ఒకరోజు ఎవరూ లేరు కదా అని ఆ కుర్చీ ఎక్కి కూర్చున్నాను. గ్లాసులు తీసుకెళ్ళడానికి వచ్చిన అమ్మ చూసి వీపు మీద ఒక్కటిచ్చింది.

"దిగు! నీకేం ఫిర్యాదుందని ఎక్కావే?"

నేను ఏడుపు లంకించుకున్నాను. అప్పుడే లోపలికి వచ్చిన యాదగిరి అన్న నవ్వాడు. "గిప్పుడు ఉన్నది కదమ్మా ఫిర్యాదు... కూసో బిడ్డా, చెప్పు."

నిజంగానే చాప మీద కూర్చుని విన్నాడు!

ఇక నర్సమ్మ సంగతి. అబిడ్స్‌లో ఫుట్‌పాత్ మీద మల్లెపూలు, కనకాంబరాలు అమ్మేది. ఒక ఎండాకాలం మున్సిపాలిటీ వాళ్ళు ఆమె బుట్టను లారీలో పడేసి, ఇంకోసారి ఇక్కడ కనిపించొద్దన్నారు. ఏడుస్తూ ఆఫీసుకు వచ్చింది గానీ కుర్చీలో కూర్చోదే...

"మీరు కింద కూసుంటే నేనెట్ల కూసుంటనన్నా?"

"నువ్వు కూసునేదాంక మేం మాట్లాడం," అన్నాడు యాదగిరి అన్న.

కూర్చుంది. అంతా చెప్పింది. మర్నాడు కమిటీ మొత్తం వెళ్ళి ఆమె చోటు చుట్టూ ఫుట్‌పాత్ మీద బైఠాయించింది. మా అమ్మ కూడా వెళ్ళింది, నన్ను ఒళ్ళో పెట్టుకుని. నాలుగు రోజులు. నాలుగో రోజు సాయంత్రం బుట్ట తిరిగి వచ్చింది, చోటూ దక్కింది. ఆ చోటులోనే నర్సమ్మ ఇద్దరు పిల్లల్ని పెంచింది.

ఆ రోజులన్నీ బంగారం అని మాత్రం అనను. అంత సమానత్వం మాట్లాడే కమిటీలో ఒక్క ఆడమనిషి లేదు. కిరసనాయిలు స్టవ్ ముందు కూర్చుని చాయ్ పెట్టింది మా అమ్మ, గ్లాసులు తోమింది మా అమ్మ. వచ్చిన ఆడవాళ్ళకు కుర్చీ ఇచ్చారు గానీ చాప మీద చోటివ్వలేదు. దాని మీద నాకు ఇప్పటికీ కోపమే.

కానీ పోయిన నెల జరిగినదానికి వచ్చిన కోపం వేరు...

సుందరీకరణ అట. నర్సమ్మ చోటులో సిమెంటు పూలకుండీలు పెట్టారు. పూలమ్మే మనిషిని లేపి పూలకుండీలు! ఆమె ఏం ఫికర్ పడలేదు. "ఆఫీసుకు పోదాం రా రమా, సుధాకర్ ఉన్నడు కదా," అంది.

యాదగిరి అన్న పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు లీడర్ సుధాకర్ అన్నే. అదే స్థలంలో నాలుగంతస్తుల బిల్డింగు, లిఫ్టు, అద్దాల తలుపు. వచ్చినవాళ్ళంతా వరండాలో గోడకానుకుని నిలబడి ఉన్నారు. మమ్మల్ని గుర్తుపట్టి పీఏ లోపలికి పంపాడు. సుధాకర్ అన్న బాల్కనీలో ఫోన్ మాట్లాడుతున్నాడు. గదిలో పెద్ద టేబులు, దాని వెనక ఒకే ఒక్క కుర్చీ.

నర్సమ్మ నేరుగా వెళ్ళి అందులో కూర్చుంది.

నాకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. ఆమెకు తెలిసిన ఆఫీసులో ఒకే కుర్చీ ఉంటుంది, అది ఫిర్యాదుతో వచ్చినవాళ్ళది... అంతే.

"ఏయ్, లేవమ్మా! అది సార్ కుర్చీ!" పీఏ అరిచాడు.

సుధాకర్ అన్న లోపలికి వచ్చాడు. నవ్వాడు. నవ్వుతూనే, ఆమె లేస్తుందని పక్కన నిలబడ్డాడు.

"ఫిర్యాదు ఉన్నోళ్ళదే కుర్చీ అని నువ్వే రాసినవ్ గద సుధాకరూ?"

ఆయన కుర్చీ వీపు మీద చెయ్యి వేశాడు. నర్సమ్మ లేచింది. లేచి, తను కూర్చున్న చోటును కొంగుతో తుడిచింది... ఆయన తుడవనిచ్చాడు, తర్వాత కూర్చున్నాడు. నా ఒళ్ళు మండిపోయింది.

ఆమెతో కాదు, నాతో మాట్లాడాడు. "చూడు రమా, ఊకె గరీబోళ్ళ పార్టీ అంటే ఓట్లు పడ్తలేవు. అపార్ట్‌మెంటోళ్ళకు సాఫ్ ఫుట్‌పాత్ కావాలె. మనం సర్కారోళ్ళతోని పొత్తుల ఉన్నం. ఎలక్షన్లు అయినంక చూద్దాం. పార్టీ బతకాలె గదా?"

పార్టీలు మారకూడదని నేను అనడం లేదు. మారాల్సింది చాలా ఉంది. మా అమ్మకు చాప మీద చోటివ్వాల్సింది, అది మార్చలేదు. ఇప్పటికీ ఆ కమిటీ ఫోటోలో ఒక్క ఆడమొహం కనపడదు. గెలవకపోతే ఏమీ చేయలేం అంటారు, అదీ నిజమే కావచ్చు. మరి నర్సమ్మను లేపేసి గెలిస్తే ఆ గెలుపు ఎవరికి? ఏరు దాటాక బోడి మల్లన్న అంటారు... వీళ్ళు ఇంకా ఏరు కూడా దాటలేదు!

అక్కడ నేను నోరు తెరవలేదు. మర్యాదగా తలూపి వచ్చేశాను. సగం కోపం నా మీదే, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నిన్న సుల్తాన్ బజార్‌లో నర్సమ్మ కనిపించింది. నెత్తిన బుట్ట, వాచిన మోకాళ్ళు, ఎండలో నడుస్తోంది. ఎక్కడైనా నీడలో కూర్చోవచ్చు కదా అన్నాను.

"కూసుంటే లేపుతున్రు బిడ్డా... నడుస్తనే ఉంటే ఎవ్వరేమంటలేరు."

మీ గల్లీలో కూడా అలాంటి కుర్చీ ఒకటి ఉండేదా? ఉంటే, ఇప్పుడు అందులో ఎవరు కూర్చుంటున్నారో ఒకసారి వెళ్ళి చూసి వచ్చి కింద రాయండి.