మా ఎర్రకారు గడగడ

నాకు కోపం ఎక్కువని మద్రాసులో మా వాషర్‌మెన్‌పేటలో ఎవర్నడిగినా చెబుతారు. ఆ కోపంతోనే, ప్రాణంలా చూసుకున్న కారును చేజేతులా పోగొట్టుకున్నాను. ఎలాగో చెబుతాను, వినండి. నవ్వుకుంటే నవ్వుకోండి గానీ నా ఎదురుగా మాత్రం వద్దు. ఇన్నేళ్లయినా నాకింకా ఒళ్లు మండుతూనే ఉంది.

తొంభైల చివరి రోజులు. మాది వక్కల టోకు వ్యాపారం. నాకింకా పెళ్లి కాలేదు, బుద్ధీ రాలేదు. రెండే సీట్లు, పైకప్పు తీసి పక్కన పెట్టుకునే వీలు, నేలను రాసుకుంటూ పోయే ఎర్రటి స్పోర్ట్స్ కారు ఒకటి నా కళ్లలో పడింది. దానికోసం నాయన కాళ్లావేళ్లా పడ్డాను.

"మూట పట్టదు, మీ యమ్మా పట్టదు. దీన్ని బండంటారంట్రా?" అన్నాడు నాయన.

అన్నం మానేసి అలిగి పడుకుంటే, అమ్మ ఏడుపు భరించలేక కొనిచ్చాడు. మా వీధిలో మూటల బండ్ల వెనక అది నత్తలా పాకేది. పాకితేనేం, అందులో కూర్చుంటే నేను మహారాజునే.

మొదట్లో ఆదివారాలు బీచికి మాత్రమే తీసుకెళ్లేవాణ్ణి. అప్పుడు కారు కిక్కురుమనలేదు. మురిసిపోయి రోజూ కొట్టుకు కూడా అందులోనే వెళ్లడం మొదలుపెట్టాను. మొదలైంది సద్దు. గడగడ. గుంటలో పడితే గడగడ, మలుపు తిరిగితే గడగడ, బ్రేకు వేస్తే గడగడగడ. నా కుడిపక్క, సరిగ్గా తలుపు దగ్గర. పళ్లు కొరుక్కుంటూ రాయపురంలోని మునిరత్నం షెడ్డుకు తోలుకెళ్లాను. మునిరత్నం మా మెకానిక్. కోపంలో నాకు అన్న.

"సద్దు పోవాలన్నా! ఈ పొద్దే పోవాల!" అన్నాను.

"పొయ్యేది నా చేతిలో వుండాదా? వుండు, చూస్తా." నన్ను దింపేసి, తానొక్కడే హార్బరు దాకా వెళ్లొచ్చాడు. "ఏం సద్దూ లేదప్పా. వెన్న మాదిరి పోతాండాది."

"అంటే నేను అబద్ధం చెప్తాండానా?"

"నేనట్ల అన్నానా? సరి, ఎక్కు. ఇద్దరం పోదాం."

అతను నడిపాడు. నేను ఎడమ సీట్లో కూర్చున్నాను. వీధి చివరికి రాగానే గడగడ! ఈసారి ఇద్దరి మధ్య, గేరు దగ్గర.

"విన్నావా! విన్నావా!" అని ఎగిరాను. "నిన్న దాకా తలుపులో వుండె. ఈడికెట్లొచ్చె?"

మునిరత్నం తల గోక్కున్నాడు. "అది వేరే, ఇది వేరే. నీ బండిలో రెండు సద్దులుండాయి."

నమ్మానండీ! బీకాం ప్యాసైన వెధవను, నమ్మాను! తలుపు విప్పమన్నాను, సీట్లు పీకమన్నాను, గేరు దగ్గర మూత తీయించాను. నా మహారాజ రథం షెడ్డులో ముక్కలు ముక్కలుగా పరుచుకుంది. అన్నీ మళ్లీ బిగించాడు. తానొక్కడే నడిపితే సద్దు లేదు. నేనెక్కితే గడగడ.

"నేను ఎక్కితేనే వస్తాందే, ఏం కట్టినావు దీంట్లో?" అని మునిరత్నం చొక్కా పట్టుకున్నాను.

"గంట కట్టేదానికి ఇదేమన్నా ఎద్దా? పొయ్యి ఆ చెవుల్ని డాక్టరుకు చూపించుకో పో!" అని అతను నా చొక్కా పట్టుకున్నాడు.

చేపల బుట్టలు దించి మరీ ఆడవాళ్లు చూడ్డానికి నిలబడ్డారు. సరిగ్గా అప్పుడే దిగాడు మా మేనబావ దశరథం. తొండియార్‌పేటలో చింతపండు వ్యాపారం. కొన్న రోజునుంచీ నా కారు మీదే అతని కన్ను.

"ఏం బావా, నీ గిలక్కాయ ఎట్లుంది?" అన్నాడు.

అన్నాడా! నా కారును గిలక్కాయ అన్నాడా! నా తలలో ఏదో తెగింది.

"నీకు కావాల్నా? తీసుకో! కొన్న రేటులో సగానికి తీసుకో! ఈ శనిని నా కళ్ల ముందునుంచి తీసుకొనిపో!"

"మాటేనా?"

"మాటే!"

మా బజారులో బేరం కుదిరితే కాగితాలు తర్వాత. ముందు అవతలివాడి చేతిలో వక్క పెట్టాలి. వాడు నోట్లో వేసుకున్నాడా, బేరం ముగిసినట్టే. ఆ తర్వాత కాదన్నవాడితో ఎవడూ వ్యాపారం చేయడు. ఇక వక్కలే అమ్ముకునే మా ఇంటి సంగతి చెప్పాలా?

మా వక్కల వర్తకులందరి జేబులోనూ మచ్చు చూపించడానికి చిన్న రేకు డబ్బా ఉంటుంది. కొట్టుకు పోయే రోజు అది లేకుండా గడప దాటం. ఆ కోపంలోనే ప్యాంటు కుడి జేబులోంచి నా డబ్బా తీశాను. మంచి వక్క పైకి రావాలని అలవాటు ప్రకారం ఆడించాను.

గడగడ.

మునిరత్నం కారు వైపు చూశాడు. ఇంజను ఆపేసి ఉంది. ముగ్గురం నా చేతి వైపు చూశాం. ఆ చెయ్యి, దాని దుంప తెగ, ఇంకోసారి ఆడింది. గడగడగడ.

నేను నోరు తెరిచేలోగా దశరథం డబ్బాలోంచి వక్క లాక్కుని నోట్లో వేసుకున్నాడు.

"బావా, ఊసెయ్!" అని అరిచాను.

"ఊహూ."

"ఊసెయ్ బావా! నీ కాళ్లు పట్టుకుంటా!"

గుటకేసి, నోరు తెరిచి చూపించాడు దుర్మార్గుడు. "మింగేసినా బావా. బండి తాళాలు?"

మునిరత్నం నేలమీద కూలబడి నవ్వుతుంటే, ఆ నవ్వు కంటే నా చొక్కా పట్టుకోవడమే నయమనిపించింది.

ఇంటికి నడుచుకుంటూ వెళ్లాను. నాయన విని, "వక్కిచ్చినాక వాపసు అడిగే మొగం మనింట్లో ఎవురికీ లేదు" అని అటు తిరిగి పడుకున్నాడు. నా కోపమంతా అమ్మ మీద చూపించాను. డబ్బాను నేలకేసి కొట్టి, "ఇదేనమ్మా ఆ పాడు సద్దు! ఇదే!" అని గోల చేశాను.

అమ్మ వంటింట్లోంచి తాపీగా వచ్చింది. "ఓ, దాని గురించా నెలంతా అరస్తా వుండావు? నువ్వు వీధి మలుపు తిరిగేటప్పుడే ఆ సద్దు ఇంట్లోకి వినపడ్తుంది గదరా. అది వినే గదా నీకు కంచం పెట్టేది!"

ఇందుమూలంగా సమస్త బంధుమిత్రులకూ, మెకానిక్కులకూ నేను ప్రమాణపూర్వకంగా తెలియజేసేదేమంటే: ఇకమీదట ఈ భూమ్మీద ఏ బండిలో ఏ సద్దొచ్చినా, ఇంకొకడి చొక్కా పట్టుకునే ముందు నా ప్యాంటు నేను విప్పి దులుపుకుంటాను. నడివీధి అయినా సరే.