ముగ్గురిని ఎనిమిదిమంది చేసిన కాగితం

గాజు వస్తువు ఏది చేతికొచ్చినా ప్రోకోపివ్నా ముందు బొటనవేలి గోరుతో దాని అంచు చుట్టూ ఒకసారి తడిమేది. జాడీ కావచ్చు, టీ గ్లాసు కావచ్చు, పుట్టినరోజు విందులో ఎవరో వోద్కా పోసిచ్చిన గ్లాసు కావచ్చు. గోరు ఎక్కడైనా ఆగిందంటే దాన్ని బోర్లించి పక్కన పెట్టేసేది. అంచు విరిగిన జాడీకి మూత పట్టదు. మూత పట్టని జాడీలో ఊరేసిన దోసకాయలు చలికాలం దాకా నిలవవు.

"పెళ్ళిలో కూడా ఇదే పనా?" అని ఒకసారి అడిగాను.

"ఇది పెళ్ళని గ్లాసుకు తెలుసా, స్తెపానివ్నా?" అంది.

మా పంపుల ఫ్యాక్టరీలో ఆమె ముప్ఫై ఏళ్ళు లేత్ మీద పనిచేసింది. ఎవరు రోజుకు ఎన్ని పంపు భాగాలు చేయాలో, ఎన్ని చేశారో రాసే గుమాస్తాను నేను. సోవియట్ పాలన పోయి ఫ్యాక్టరీ మూతపడినప్పుడు ఆఖరి జీతాల బదులు తలా రెండు పంపులు ఇచ్చారు. ఊరంతా పంపులే, కొనేవాడు లేడు. ప్రోకోపివ్నా పంపులు వద్దంది. మూలన తుప్పు పడుతున్న, రేకును దెబ్బతో అచ్చుకొట్టే ప్రెస్సు ఇమ్మంది. టన్నున్నర బరువు. వాళ్ళు నవ్వుకుంటూ సంతకం పెట్టారు.

తర్వాత విదేశీ సంస్థ ఒకటి వచ్చింది. ఫ్యాక్టరీ పనిముట్ల విభాగానికి సున్నం వేయించి, పదకొండు గదులు చేసి, ఇంక్యుబేటర్ అని బోర్డు పెట్టింది. చిన్న వ్యాపారాలను ఇక్కడ పొదుగుతారట. తక్కువ అద్దెకు గది, కరెంటు, సలహా ఇస్తారట. ఊళ్ళో దాన్ని కోళ్ళఫారం అనేవాళ్ళు. దాని డైరెక్టరు వలేరి అర్కాదియోవిచ్. అదే ఫ్యాక్టరీలో ఒకప్పుడు యువజన సంఘం కార్యదర్శి. కోటు అదే, దాని మీద బ్యాడ్జీ మారింది. నాకు గుమ్మం దగ్గర బల్ల ఇచ్చారు. పొద్దున ఎవరొచ్చినా నా రిజిస్టరులో సంతకం పెట్టి తాళంచెవి తీసుకోవాలి.

మూడో నంబరు గది ప్రోకోపివ్నాది. నేల కాంక్రీటు, కరెంటు తీగ లావుపాటిది. ప్రెస్సును నాలుగు పెద్ద బోల్టులతో నేలకు బిగించింది. ఆమెతో పాటు ఇద్దరు. ఆ ప్రెస్సు మీదే బతుకంతా గడిపి చెవులు పోగొట్టుకున్న తోలిక్ ఒకడు. సరుకు సర్ది బజారుకు మోసే హాల్యా ఒకతె. జాడీ మెడకు రేకు మూత బిగించే చేతి మర వాళ్ళ సరుకు. మా ఊళ్ళో అది లేని వంటిల్లు ఉండదు. బజారులో దొరికేవి పది జాడీలకే జారిపోతాయి. ఆమె మర జారదు. దాని చిన్న చక్రాన్ని ఆమె ఇప్పటికీ తన చేత్తోనే అరగదీస్తుంది.

1998 వేసవిలో సంస్థ ఒక ఫారం పంపింది. ఎంతమందికి పని కల్పించారు అని అందులో ఒక గడి. ప్రోకోపివ్నా మూడు అని రాసింది. సాయంత్రానికి వలేరి అర్కాదియోవిచ్ ఆ కాగితం పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చాడు. తాళం ఇచ్చేసి వెళుతున్న ఆమెను ఆపాడు.

"మూడేంటి, ప్రోకోపివ్నా? పక్క జిల్లావాళ్ళు గదికి ఎనిమిదేసి, తొమ్మిదేసి రాశారు. నేను ఏ ముఖం పెట్టుకుని పంపను?"

"నీ ముఖమే పెట్టు. ఉన్నది ముగ్గురం."

"మనం వాళ్ళకంటే తీసిపోయామా?"

ఆ తర్వాత మాట నాది. "ఎనిమిదని రాసి పారెయ్యవే. ఎవడొచ్చి లెక్కపెడతాడు?" అన్నాను.

నేను ముప్ఫై ఏళ్ళు చేసింది అదే. వంద భాగాలు తయారైతే నూట నాలుగని రాసేదాన్ని. నూట నాలుగుకు బోనసు ఇచ్చేవాళ్ళు, గోడ మీద ఫోటో పెట్టేవాళ్ళు. వందకు మందలింపు. ఎక్కువ రాసి చెడినవాళ్ళను ఆ ఫ్యాక్టరీలో నేను ఒక్కరిని కూడా చూడలేదు. ప్రోకోపివ్నా నా పెన్ను తీసుకుంది. మూడు కొట్టేసి ఎనిమిది వేసింది. కాగితం అంచు మాత్రం తడమలేదు.

మర్నాడు ఈ సంగతి తోలిక్‌కు గట్టిగా అరిచి చెప్పాల్సి వచ్చింది. వాడు గదంతా కలయజూశాడు.

"మిగతా ఐదుగురు ఎప్పుడొస్తారు? స్టూళ్ళు లేవే!"

ఆగస్టు ఇరవైన ఉత్తరం వచ్చింది. ఆరుగురికి మించి పని ఇచ్చిన వ్యాపారానికి రెక్కలొచ్చినట్టు లెక్క. రెక్కలొచ్చినవారు కొత్తవారికి చోటు ఇవ్వాలి. సెప్టెంబరు ఒకటికల్లా మూడో నంబరు గది ఖాళీ చేయాలి. అభినందనలు. గురువారం తమ ప్రతినిధి స్వయంగా వచ్చి యోగ్యతాపత్రం అందజేస్తారు.

అప్పుడు చలికాలం నిలవకోసం ఊరంతా టమోటాలు ఉడుకుతున్నాయి. పొయ్యి మీద జాడీలు కాగని ఇల్లు లేదు. సెప్టెంబరు చివరిదాకా చేయాల్సిన మరలకు ఆమె బజారులో మాట ఇచ్చి ఉంది. పైగా ప్రెస్సును ఎక్కడికి తీసుకెళ్ళాలి? గ్యారేజీల్లో మట్టినేల, సన్నటి తీగలు. ఆ ప్రెస్సు ఒక్క దెబ్బ వేస్తే వీధి మొత్తం చీకటైపోతుంది. గది పోతే ప్రెస్సు తుక్కు. ప్రెస్సు తుక్కయితే మిగిలేది యాభై ఆరేళ్ళ ఒక లేత్ మనిషి, ఒక చెవిటివాడు, ఇద్దరు పిల్లలున్న హాల్యా.

ఆమె ఉత్తరం తీసుకుని డైరెక్టరు గదికి వెళ్ళింది. నేనూ వెనకే వెళ్ళాను. ఎనిమిది నా నోటి నుంచి వచ్చింది కదా.

"తప్పు రాశాను, వలేరి అర్కాదియోవిచ్. మేము ముగ్గురమే. రాసి పంపించు."

అతను ముందు వెళ్ళి తలుపు మూశాడు. "ఏం మాట్లాడుతున్నారు? మీది ఒక్కటి అబద్ధమని తేలితే మిగతా పది గదులూ తవ్వుతారు. అక్కడ మాత్రం ఏముంది? కుట్టుగదిలో పన్నెండని రాశాం, ఉన్నది ఐదుగురు."

"అయితే వాళ్ళనూ పంపించేస్తారా?"

"వాళ్ళ వంతు ఇంకా రాలేదు."

"ఇది పొదిగే చోటా, గుడ్లు పగలగొట్టే చోటా?"

"గురువారం దాకా కాస్త నోరు మూసుకోండమ్మా. యోగ్యతాపత్రం ఇస్తారు. ఫ్రేము కట్టి మరీ."

గురువారం పొద్దుటినుంచి కరెంటు పోలేదు. రోజూ ఎనిమిదికి వచ్చి పదకొండుకు పోయే కరెంటు అది. ఆ ఒక్కరోజు కోసం డైరెక్టరు కరెంటువాళ్ళలో ఎవరింటికి ఎన్ని కిలోల పందికొవ్వు లంచంగా పంపాడో నాకు తెలుసు. మోసుకెళ్ళినవాడు తాళంచెవి నా దగ్గరే పెట్టి వెళ్ళాడు. ఏడాదంతా చీకట్లో కూర్చోబెట్టి, చూసేవాళ్ళు వచ్చిన రోజున దీపం వెలిగించేవాళ్ళను ఏమనాలి?

పదింటికి కుట్టుగదిలోని ఐదుగురు ఆడవాళ్ళకు తెల్ల కోట్లు తొడిగి మూడో నంబరు గదిలో వరసగా నిలబెట్టాడు. ఒకామె చేతిలో సుత్తి పెట్టాడు. ఆమె దాన్ని పిల్లినెత్తుకున్నట్టు ఎత్తుకుంది.

తోలిక్ తల తిప్పి చూశాడు. చెవిటివాడికి మెల్లగా మాట్లాడటం రాదు. "ఎవరమ్మా మీరంతా? ఆస్పత్రి నుంచి వచ్చారా?" అని అరిచాడు.

"పనిచేయడానికొచ్చాం, తాతా," అని ఒకామె నవ్వు బయటికి రాకుండా నోరు నొక్కుకుంది.

"ఆ సుత్తి కింద పెట్టు తల్లీ, కాలు పోతుంది!"

ప్రతినిధి లోపలికి వచ్చాడు. పొడుగాటి మనిషి, మర్యాదస్తుడు. పక్కన దుబాసి ఇన్నా. మా ఊరి కాలేజీలో పాఠాలు చెప్పే అమ్మాయే. అతను చేతి మర తీసుకుని తిప్పి చూశాడు, నవ్వాడు. మీ విజయ రహస్యం ఏమిటని అడుగుతున్నారంది ఇన్నా.

ప్రోకోపివ్నా చేతులు గుడ్డతో తుడుచుకుంది. "మేము ముగ్గురం. నేను, తోలిక్, హాల్యా. ఈ ఐదుగురూ పక్క గదివాళ్ళు. ఎనిమిదని రాసింది నేనే. తప్పు చేశాను. నాకు గది కావాలి, ప్రెస్సు నడవాలి. ఇది చెప్పు ఆయనకు."

ఇన్నా డైరెక్టరు వైపు చూసింది. తర్వాత రెండే ముక్కలు చెప్పింది. ప్రతినిధి ముఖం వెలిగింది. నాకు ఇంగ్లీషు రాదు. థాంక్యూ అంటే ఏమిటో మాత్రం తెలుసు. ప్రోకోపివ్నాకూ తెలుసు.

"నేను థాంక్యూ అనలేదమ్మాయ్. నేను అన్నది చెప్పు."

ఇన్నా మెడ దాకా ఎర్రబడింది. ఈసారి చాలాసేపు చెప్పింది. నేను బల్ల దగ్గరికి వెళ్ళి రిజిస్టరు తెచ్చి ప్రతినిధి ముందు తెరిచాను. మార్చి నుంచి ఆ పొద్దుట దాకా, మూడో నంబరు గదికి రోజూ మూడు సంతకాలు. ముప్ఫై ఏళ్ళలో నేను రాయించిన మొదటి నిజమైన పుస్తకం అది. అతను పేజీలు ఓపికగా తిప్పాడు. అర్థమైంది. అర్థమైనట్టు కళ్ళలో కనబడింది. రిజిస్టరు మూసి నా చేతికిచ్చి, మెల్లగా ఏదో అన్నాడు.

ఇన్నా నేల చూస్తూ చెప్పింది. "మీ నిజాయితీకి ఆయన గౌరవం తెలుపుతున్నారు. కానీ నివేదిక ఇప్పటికే పైకి వెళ్ళిపోయిందట. వెనక్కి దిద్దే పద్ధతి లేదట. ఎలా ఎదిగారో చలికాలంలో వచ్చి కొత్తవాళ్ళకు పాఠం చెప్పమంటున్నారు."

మా కాలంలోనూ తనిఖీ కమిషన్లు వచ్చేవి. నూట నాలుగు అబద్ధమని తెలిసే వచ్చేవాళ్ళు. తిని, తాగి, సంతకం పెట్టి పోయేవాళ్ళు. కానీ ఆ అబద్ధం పేరు చెప్పి ఎవరి లేతూ పీకించలేదు. వీళ్ళకు నిజం నోటితో చెప్పాం, పుస్తకం తెరిచి చూపించాం. అయినా ఉన్న ముగ్గురూ చెల్లలేదు, లేని ఐదుగురు చెల్లారు. ఈ మాట చెప్పడానికి ఆ మనిషి విమానం ఎక్కి రావాలా?

యోగ్యతాపత్రం ఇచ్చారు. ఫోటో తీశారు. ప్రోకోపివ్నా ఫ్రేము అందుకుని, గాజు అంచు చుట్టూ గోరుతో తడిమింది. కింది మూల దగ్గర గోరు ఆగింది. ఫ్రేమును బోర్లించి కిటికీ గట్టు మీద పెట్టేసింది.

కార్లు వెళ్ళాక డైరెక్టరు వచ్చాడు. "నన్ను ముంచుదామనుకున్నావు. ఒకటో తారీకున కూలీలను పంపిస్తాను. బోల్టులు విప్పి నీ ఇనుము రోడ్డు మీద పెడతారు."

"నువ్వు కార్యదర్శిగా ఉన్నప్పుడు నా లేత్ ఆగిందని గోడ మీదున్న నా ఫోటో పీకించావు, వలేరా. ఇప్పుడు గోడతో సహా తీసేస్తావా?"

"గడువు గడువే."

"కూలీలకు పెద్ద రెంచీ ఇచ్చి పంపు," అంది.

మర్నాడు ఏడింటికి వచ్చింది. వెనక హాల్యా, తోలిక్. కారు మెకానిక్ దగ్గర అడిగి తెచ్చిన వెల్డింగ్ సెట్టును ఇద్దరూ మోస్తున్నారు. ముగ్గురూ రిజిస్టరులో సంతకం పెట్టారు. సంతకాల కింద ప్రోకోపివ్నా 3 వేసి, పక్కన ముగ్గురు అని అక్షరాల్లో రాసింది. తాళంచెవి తీసుకుంది. ఎనిమిదికి కరెంటు వచ్చింది. నాలుగు బోల్టులకూ నాలుగు నట్లను ఏ రెంచీకీ తిరగకుండా వెల్డు చేయించింది. తర్వాత ప్రెస్సు నడిపింది.